చైత్రంలో వసంతం ఏది?

ఉగాదినాడు మన ఊళ్లలో పంచాంగ శ్రవణం జరగటం అందరూ ఎరిగినదే. గుడి మండపంలోనో, రచ్చకట్ట మీదనో పురోహితులు కొత్త పంచాంగం విప్పి కూర్చుంటారు. నవనాయకులెవరు, వానలు ఏపాటి, ఏ రాశివారికి ఆదాయమెంత, వ్యయమెంత అని వారు చదువుతూ వుంటే ఊరు ఊరంతా చెవి ఒగ్గి వింటుంది. పూజా సంకల్పంలో ఆ దినమును వారు గుర్తించే తీరు ఇది: ఉత్తరాయణం, వసంత ఋతువు, చైత్ర మాసం, శుక్ల పక్షం, పాడ్యమి.

ఒక ఏడు ఉగాది వెళ్లిన మరునాడు తరగతిలో ఒక విద్యార్థి లేచి అడిగినాడు: "సార్, వసంతమంటే చల్లని గాలి, కొత్త పూలు అని పుస్తకాలలో వున్నది. నిన్న పగలు మా ఊళ్లో చెప్పులు లేక బయట కాలు పెట్టలేకపోయినాము. మోదుగ పూలు రాలి పక్షం దాటినది. మరి వసంతం ఏది, సార్?"

తరగతి అంతా నవ్వినది. కాని అది నవ్వి వదలివేయవలసిన ప్రశ్న కాదు. దానికి జవాబు వెదుక్కుంటూ బయలుదేరితే భూమి ఇరుసు దాకా పోవలసి వస్తుంది. తిరిగి వచ్చేసరికి మన రైతు విత్తనం వేసే రోజు దగ్గర నిలుస్తాము.

మూడు జిల్లాల చైత్రం

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు 2016 అక్టోబరు 11 వరకు మహబూబ్‌నగర్ జిల్లాలో భాగాలు. ఆనాడు వేరువేరు జిల్లాలైనవి. గద్వాల ప్రాంతం కృష్ణా తుంగభద్రల నడుమ వున్న నడిగడ్డ. వనపర్తిది గుట్టలూ చెరువులూ చెల్కలూ గల నేల. నాగర్‌కర్నూలుకు దక్షిణాన నల్లమల అడవి. నైఋతి ఋతుపవనాలు తమ నీటిలో చాలా భాగాన్ని సహ్యాద్రి మీదనే కురిపించి ఇటు వస్తాయి గనుక ఇక్కడ వాన తక్కువ. సాలుకు సుమారు 550 నుండి 650 మిల్లీమీటర్లు. అందులోనూ హెచ్చు భాగం జూన్, సెప్టెంబరు నెలల మధ్యనే పడుతుంది.

మార్చి వచ్చేసరికి నేలలో తడి మిగలదు. తడి నేలమీద ఎండ కాసినప్పుడు ఆ వేడిలో కొంత భాగం నీటిని ఆవిరి చేయటానికి ఖర్చవుతుంది. ఎండిన నేలమీద అయితే వేడి అంతా నేలనూ గాలినీ కాగబెట్టటానికే వినియోగమవుతుంది. మన అక్షాంశంలో సూర్యుడు నడినెత్తికి వచ్చేది మే మొదటి వారంలో. అంతకు ముందే, ఏప్రిల్‌లోనే, ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెంటీగ్రేడును తాకటానికి ఇదే కారణం.

చెట్లు తమ లెక్క తాము చూసుకొంటాయి. ఫిబ్రవరిలో బూరుగు ఆకు రాల్చి ఎర్రగా పూస్తుంది. దాని వెనుకనే మోదుగ. కాముని పున్నమకు పిల్లలు మోదుగ పూలు నీళ్లలో నానవేసి రంగు తీసి చల్లుకొంటారు; ఆ పున్నమ దాటి పక్షం దినాలకు ఉగాది. కొల్లాపూరు తోటలలో మామిడి అప్పటికే పూత, పిందె దాటి కాయ పట్టి వుంటుంది. వేప పూసేది మార్చి చివర, ఏప్రిల్‌లో. ఉగాది ముందుగా వచ్చిన ఏడు వేపపూత కోసం కొమ్మకొమ్మా వెదకవలసి వస్తుంది. నల్లమలలో ఇప్పపూలు రాలేది ఈ దినాలలోనే. చెంచులు తెల్లవారుజామున లేచి ఏరుకొంటారు. కోయిల వసంతానికి ఎక్కడినుండో వస్తుందని కొందరనుకొంటారు. అది ఏడాది పొడవునా ఇక్కడే వుంటుంది. చలికాలమంతా మౌనంగా వుండి, జతకట్టే కాలం రాగానే గొంతు విప్పుతుంది.

పాలమూరు సీమలో ఉగాది పచ్చడి ముద్దగా వుండదు. కొత్త కుండలో కొత్త చింతపండు పులుసు పోసి, బెల్లం, మామిడి ముక్కలు, వేపపూత కలిపి తాగటానికి వీలుగా పలుచగా చేస్తారు. దానికి తోడు భక్ష్యాలు. పూర్వం పెద్ద రైతుల ఇండ్లలో జీతగాళ్ల లెక్క ఉగాదినుండి ఉగాదివరకే. తొమ్మిదవనాడు శ్రీరామనవమి. నాగర్‌కర్నూలు జిల్లా చారకొండ మండలంలోని సిరుసనగండ్లలో జరిగే సీతారామ కల్యాణానికి చుట్టుపట్ల ఊళ్లు కదలివస్తాయి.

ఈ నెలలో వాన పడనే పడదని కాదు. విదర్భ, మరాఠ్వాడాల నుండి కర్ణాటక మీదుగా తమిళనాడు వరకు గాలిలో ఒక ద్రోణి ఏర్పడుతూ వుంటుంది. బంగాళాఖాతపు తేమగాలీ లోపలి పొడిగాలీ అక్కడ కలుసుకొంటాయి. పగలంతా కాగిన గాలి సాయంకాలానికి నిట్టనిలువుగా పైకి లేచి మేఘమై ఉరుముతుంది. ఒక్కొక్కప్పుడు వడగండ్లు రాలుతాయి. కోతకు వచ్చిన యాసంగి వరీ, చెట్టుమీది మామిడీ అరగంటలో నేలపాలవుతాయి. చైత్రపు వాన రైతుకు వరం కాదు, భయం.

ఇది వసంత లక్షణమా? గ్రీష్మపు వాకిలి అనటమే న్యాయం. అయితే పంచాంగం పొరపడినదా?

నెల పేరు వెనుక నక్షత్రం

కృష్ణ యజుర్వేదంలో వసంతపు రెండు నెలలకు మధువు, మాధవము అని పేర్లు. ఇవి ఋతువును చెప్పే పేర్లు. వీటి స్థానంలో వచ్చిన చైత్ర వైశాఖాలు నక్షత్రాలను చెప్పే పేర్లు. పున్నమనాడు చంద్రుడు చిత్తా నక్షత్రం దాపున వుండే నెల చైత్రం. ఈ మార్పు చిన్నదిగా కనబడినా కథ అంతా ఇక్కడే మొదలైనది. ఋతువు భూమిమీద వుంటుంది, నక్షత్రం ఆకాశంలో వుంటుంది. రెంటికీ నడక ఒకటేనా అన్నది ప్రశ్న.

పన్నెండు చాంద్రమాసాలకు 354 రోజులు. సౌర సంవత్సరానికి 365కు పైన. ఏటా 11 రోజులు వెనుకబడిపోకుండా 19 సంవత్సరాలకు సుమారు 7 అధిక మాసాలు కలుపుతారు. సూర్యుడు మేషరాశిలో ప్రవేశించే చాంద్రమాసమే చైత్రమని నియమం. ఈ మేష సంక్రమణం ఇప్పుడు ఏప్రిల్ 14 ప్రాంతాన వస్తున్నది. అందుచేత ఉగాది సుమారు మార్చి 15 మొదలు ఏప్రిల్ 13 లోపల ఏదో ఒకనాడు పడుతుంది. 2024లో ఏప్రిల్ 9న, 2025లో మార్చి 30న వచ్చినది.

ఇంతవరకు చిక్కు లేదు. చిక్కు అంతా సంవత్సరపు పొడవులో వున్నది.

షష్టిపూర్తికి ఒక రోజు

సూర్యసిద్ధాంతం ప్రకారం సంవత్సరం 365 రోజుల 6 గంటల 12 నిమిషాల 36 సెకండ్లు. ఋతువులు మరల మరల వచ్చే సాయన సంవత్సరం 365 రోజుల 5 గంటల 48 నిమిషాల 46 సెకండ్లు. భేదం సుమారు 24 నిమిషాలు. ఏటికి 24 నిమిషాలంటే 60 ఏండ్లకు 1440 నిమిషాలు. అనగా సరిగా ఒక దినం. ప్రభవ మొదలు అక్షయ వరకు అరవై సంవత్సరాల చక్రం ఒకమారు తిరిగి వచ్చేసరికి మన చైత్రం ఋతువునుండి ఒక రోజు ముందుకు జరుగుతుంది. ఒక మనిషి షష్టిపూర్తికి ఒక్క రోజు. దీనిని ఏ మనిషి తన జీవితంలో గమనించగలడు?

ఈ 24 నిమిషాలలో ఇంచుమించు 20 నిమిషాలు ఎవరి తప్పూ కాదు. భూమి తన ఇరుసుమీద తిరుగుతూనే, వేగం తగ్గిన బొంగరం తల ఊపినట్లు ఇరుసును మెల్లగా త్రిప్పుతున్నది. భూమి నడుము కొంచెం ఉబ్బి వుండటంచేత సూర్యచంద్రులు దానిని లాగటమే ఇందుకు కారణం. ఇరుసు ఒక చుట్టు తిరగటానికి సుమారు 26,000 ఏండ్లు. ఈ చలనంచేత పగలూ రాత్రీ సమానంగా వుండే విషువద్దినాన సూర్యుడు నక్షత్రాల నడుమ ఏటేటా కొంచెం వెనుక చోట కనబడతాడు. ఇదే అయన చలనం. క్రీ. పూ. 2వ శతాబ్దిలో గ్రీకు జ్యోతిర్విదుడు హిప్పార్కస్ దీనిని కనుగొన్నాడు. మిగిలిన మూడున్నర నిమిషాలు ప్రాచీన గణితంలోని చిన్న దోషం. దానిని దిద్దుకొన్న దృక్‌సిద్ధాంత పంచాంగాలలో కూడా 71 ఏండ్లకు ఒక రోజు జారుడు తప్పదు.

మన వారికి ఈ సంగతి తెలియదా? తెలుసును. నేడు మనకు దొరికే సూర్యసిద్ధాంతంలోనే అయన చలనం చెప్పబడినది. కాని విషువ స్థానం 27 డిగ్రీల దాకా జరిగి మరల వెనుకకు తిరిగి వస్తుందని ఆ గ్రంథం చెప్పినది. ఆ లెక్కకు మొదలు క్రీ. శ. 499, వెనుకకు మరలవలసినది 1800 ఏండ్ల తరువాత, 2299లో. తానే తిరిగి వచ్చేదానిని దిద్దటమెందుకని వారు భావించి వుంటే తప్పుపట్టలేము. కాని గతిశాస్త్రం ప్రకారం అది తిరిగిరాదు. బొంగరం ఒకే దిక్కుగా తల త్రిప్పుతుంది.

ఆలంపురం నాటి ఉగాది

ఇప్పుడు విద్యార్థి ప్రశ్నకు జవాబు చెప్పవచ్చును. గద్వాల జిల్లాలో తుంగభద్ర ఒడ్డున ఆలంపురం వున్నది. అక్కడి నవబ్రహ్మ ఆలయాలు 7, 8 శతాబ్దులలో బాదామి చాళుక్యుల కాలంలో వెలసినవి. క్రీ. శ. 700 నుండి నేటికి సుమారు 1325 ఏండ్లు. అరవైతో భాగిస్తే 22 రోజులు. అనగా ఆ శిల్పులు రాళ్లు చెక్కుతున్న నాడు, నేటి తేదీల లెక్కలో చెప్పాలంటే, ఉగాది ఫిబ్రవరి 21, మార్చి 22ల మధ్య వచ్చేది.

ఆ దినాలలో ఆలంపురం చుట్టూ ఎట్లా వుంటుందో ఇప్పటికీ చూడవచ్చును. రాత్రులు చల్లగా వుంటాయి. మోదుగ నిండుగా పూసి వుంటుంది. బూరుగు కొమ్మలనిండా పక్షులు. మామిడి పూతా పిందే కలిసి వుంటాయి. అది నిజమైన వసంతం. ఆనాటి సంకల్పంలో "వసంత ఋతువు" అన్నప్పుడు కిటికీలోనుండి బయటకు చూస్తే వసంతమే కనబడేది. గద్వాల కోట లేచిన 17వ శతాబ్దికి ఉగాది 16 రోజులు జరిగినది. అప్పటినుండి మన కాలానికి మరి 6 రోజులు.

ఇందులో మరొక ఊహకు తావున్నది. ఫిబ్రవరి చివరన వేప పూయదు. కాబట్టి వేపపూత లేని ఉగాది పచ్చడిని మనం తలచుకోలేకపోయినా, ఆలంపురం నాటివారికి చాలా ఏండ్లు అది దొరికి వుండదు. మహారాష్ట్రంలో ఇప్పటికీ గుడిపాడ్వానాడు వేప లేత ఆకులు తింటారు. మనకూ ముందు ఆకు వుండి, తరువాత పూత వచ్చినదేమో! ఇది ఊహ మాత్రమే. కాని పండుగ వంటకాలకు కూడా చరిత్ర వుంటుందని మరువరాదు.

రైతు గడియారం

పండుగ ఇరవై రోజులు జరిగితే వచ్చే నష్టమేమని అడగవచ్చును. పండుగకు నష్టం లేదు. విత్తనానికి వున్నది.

నిజాము రాజ్యంలో గద్వాల, వనపర్తి సంస్థానాల ప్రజలకు మూడు కాలమానాలు నడిచేవి. సర్కారు లెక్కలకు ఫసలీ. ఆ సంవత్సరం అక్టోబరు 6న ఆజూర్ నెలతో మొదలయ్యేది. పండుగలకు చాంద్రమానం. సేద్యానికి కార్తెలు. 1948లో హైదరాబాదు భారతదేశంలో కలిసిన పిమ్మట ఫసలీ వాడుకలోనుండి మెల్లగా తొలగిపోయినది. కార్తె మాత్రం పోలేదు. సూర్యుడు ఒక నక్షత్రంలో వుండే 13, 14 రోజులు ఒక కార్తె. అశ్విని, భరణి, కృత్తికలు ఎండకు; రోహిణిలో రోళ్లు పగులుతాయని సామెత; మృగశిర వస్తే వాన. మృగశిర జొచ్చిననాడు తెలంగాణమంతటా చేపలు తినటం ఆచారం.

నేడు మృగశిర కార్తె జూన్ 7, 8 తేదీలలో వస్తున్నది. ఋతుపవనాలు కూడా ఇంచుమించు ఆ దినాలలోనే మన ప్రాంతాన్ని చేరుతాయి. కాని కార్తెలు కూడా నక్షత్రాలను బట్టి పోయేవే. ఆలంపురం ఆలయాల కాలంలో మృగశిర మే 17 ప్రాంతాన వచ్చేది. ఋతుపవనాలు నేటివలెనే వచ్చేవనుకొంటే, ఆనాటి తొలకరి ఆర్ద్ర కార్తెలోనో, పునర్వసు మొదటనో పడేది. ఆ కాలపు రైతు మృగశిరను నమ్మి విత్తితే గింజ మాడిపోయేది. కాబట్టి మృగశిరకు తొలకరిని ముడిపెట్టిన మాటలు అనాదివి కావు. వానా కార్తే దగ్గరపడిన ఇటీవలి శతాబ్దులలో రైతులు అనుభవంతో కూర్చినవై వుండాలి. మరి వేయి ఏండ్లకు మృగశిర జూన్ నాలుగవ వారంలో పడుతుంది. అప్పుడు కార్తె కోసం కాచుకొనే రైతు అదను తప్పుతాడు.

వేయి ఏండ్ల మాట ఎందుకు, ఇప్పటి సంగతే చూడండి. గద్వాల రేగడిలో పత్తి వేసే రైతు మృగశిరలో ఒక జల్లు పడగానే విత్తుతాడు. ఆ తరువాత పది, పదిహేను రోజులు బెట్ట పెడితే మొలక మాడి రెండవసారి విత్తనం కొనవలసి వస్తుంది. అప్పు పెరుగుతుంది. 60, 70 మిల్లీమీటర్ల వాన పడి నేల బాగా తడిసిన తరువాతనే విత్తవలెనని వ్యవసాయ శాస్త్రజ్ఞులు చెప్పటం ఇందుకే. కార్తె సుమారైన గుర్తు. నేల తడి నిజమైన ముహూర్తం.

ఇతర దేశాలు దిద్దుకొన్న తీరు

ఈ చిక్కు మన ఒక్కరిదే కాదు. ఐరోపాలో జూలియన్ సంవత్సరం 365 రోజుల 6 గంటలు. అసలుకన్న 11 నిమిషాలు ఎక్కువ. 16వ శతాబ్దికి వసంత విషువం మార్చి 21న రావలసినది 11న రాజొచ్చినది. విషువం తరువాతి పున్నమను బట్టి నిర్ణయించే ఈస్టరు పండుగ తారుమారవుతున్నదని 1582లో పోపు గ్రెగరీ 10 రోజులు తొలగించినాడు. ఇంగ్లండు 170 ఏండ్లు ఒప్పుకోలేదు. చివరకు 1752లో సెప్టెంబరు 2 మరునాడు 14వ తేదీ అని ప్రకటించినది. అంతవరకు అక్కడ కూడా చట్టరీత్యా సంవత్సరాది మార్చి 25; అదీ వసంతపు ఉగాదియే. ఆ ఏటినుండి జనవరి 1 అయినది. అక్కడ ఏప్రిల్ అంటే చిరుజల్లులు, పచ్చిక, పూలు. ఆ దేశపు పాఠాలలోని వసంతాన్ని మన ఏప్రిల్‌కు తగిలించుకొంటే విద్యార్థికి అయోమయం కలగటం సహజం.

మన దేశంలో 1952లో మేఘనాథ్ సాహా అధ్యక్షతన పంచాంగ సంస్కరణ సంఘం ఏర్పడినది. అప్పటికి దేశంలో వున్న అనేక పంచాంగాలను పరిశీలించి 1955లో నివేదిక ఇచ్చినది. దాని ప్రకారం రూపొందిన జాతీయ పంచాంగం 1957 మార్చి 22న, అనగా శక సంవత్సరం 1879 చైత్రం 1న అమలుకు వచ్చినది. అందులో చైత్రం ఎప్పుడూ విషువం మరునాడే, మార్చి 22న, లీపు సంవత్సరమైతే 21న మొదలవుతుంది. మతాచారాల నెలలకు కూడా అయనాంశను 23 డిగ్రీల 15 నిమిషాల వద్ద స్థిరపరచి ఇకమీద జారుడు ఆపవలెనని సంఘం సూచించినది. దానిని అమలులో చూడకుండానే 1956 ఫిబ్రవరిలో సాహా మరణించినాడు. గెజెట్టు మీద శక తేదీ అచ్చవుతున్నది. ఊరి పంచాంగం మాత్రం పాత దారినే నడుస్తున్నది.

ఇందుకు పురోహితులను తప్పుపట్టి లాభం లేదు. పండుగ ఒక సమాజపు జ్ఞాపకం, ఆజ్ఞతో కదలదు. కాని విద్యావంతులు రెండు గడియారాలున్నవని ఎరిగి వుండాలి. ఒకటి నక్షత్రాలది, మరొకటి నేలది.

చిత్తా చంద్రుడు, బడి పుస్తకం

నల్లమలలో ఈ రెండు గడియారాలూ కలిసి కనబడే చోటొకటి వున్నది. చైత్ర పున్నమకు సలేశ్వరం లింగమయ్య జాతర. 2025లో ఆ పున్నమ ఏప్రిల్ 12న వచ్చినది. యాత్రికులు అడవిలో రాళ్లదారిన నడిచి, వస్తున్నాము లింగమయ్యా అని కేకలు వేస్తూ లోతైన లోయలోకి దిగుతారు. పూజారులు చెంచులే. చుట్టూ అడవి ఎండి వున్నా అక్కడ కొండ అంచునుండి నీరు పడుతూనే వుంటుంది. వానకాలంలో పగుళ్లగుండా లోపలికి దిగిన నీటిని ఆ కొండ నెలల తరబడి కొద్దికొద్దిగా విడుస్తుంది. దారి పొడిగా వుండి, రాత్రి వెన్నెల వుండి, కొండలో నీరు ఇంకా మిగిలివుండే కాలం ఇది. ఈ జాతరకు ఇంతకన్న అనువైన పున్నమ లేదు. చైత్రం ఇట్లాగే జారుతూ పోతే కొన్ని వేల ఏండ్లకు ఆ పున్నమ వానలలో పడుతుంది. ఆ లోయలోకి అప్పుడెవరూ దిగలేరు.

ఆ రాత్రి తూర్పున లేచే నిండు చంద్రుని దాపున తెల్లగా మెరిసే చుక్క కోసం చూడండి. అదే చిత్త. అది నక్షత్రాల గడియారం. నేల గడియారాన్ని మనమే వ్రాసుకోవాలి. ఇంగ్లండులో నార్‌ఫోక్ మండలంలో రాబర్ట్ మార్షమ్ అనే గృహస్థు 1736 మొదలు ఏటేటా ఏ చెట్టు ఏనాడు చిగిర్చినది, ఏ పక్షి ఏనాడు మొదట కూసినది వ్రాసిపెట్టినాడు. అతని వంశీకులు 1958 వరకు ఆ పని సాగించినారు. వాతావరణం వేడెక్కుతున్న తీరు తెలుసుకొనటానికి నేటి శాస్త్రజ్ఞులకు ఆ పుస్తకం ఆధారమైనది.

మన బడులలో ఇది కష్టం కాదు. ఒక నోటుపుస్తకం చాలు. మొదటి మోదుగ పువ్వు, మొదటి వేపపూత, కోయిల తొలి కూత, మొదటి వడగండ్ల వాన, విత్తనానికి చాలినంత తొలి తడి: ఐదు తేదీలు ఏటేటా వ్రాస్తే చాలును. అరవై సంవత్సరాల చక్రం ఒకమారు తిరిగేసరికి అది పాలమూరు నేల స్వయంగా చెప్పిన పంచాంగమవుతుంది. ఆ విద్యార్థికి నేనిచ్చిన జవాబు కూడా ఇదే. వసంతం ఎక్కడికీ పోలేదు, నాయనా. అది వచ్చేటప్పటికి మనం దానిని ఫాల్గుణమని పిలుస్తున్నాము.